మల్లెల కాలానికి మెత్తని ముడి: పైకి వదులుగా, లోపల గట్టిగా

ఉగాది పొద్దున తలంటు పోసుకుని, జుట్టు ఆరీ ఆరకముందే ముడి వేసుకోబోతే ఏమవుతుందో మీకూ అనుభవమే అయ్యుంటుంది. అప్పుడే కడిగిన జుట్టు చేతిలోంచి జారిపోతూ ఉంటుంది, పిన్ను పెడితే నిలవదు, ఇంకోటి పెడతాం, అదీ జారుతుంది, ఇంతలో బయట నుంచి "అయిందా, పచ్చడి తిందువుగాని రా" లాంటి కేకలు, ఇక చేసేది లేక నున్నగా వెనక్కి దువ్వేసి రబ్బరు బ్యాండు బిగించి గుండ్రంగా చుట్టేస్తాం. ముడి నిలుస్తుంది. కానీ నుదురు లాగేసినట్టు ఉంటుంది, మధ్యాహ్నానికి తలనొప్పి.

నేను చెప్పబోయే ముడి అది కాదు. మెడ మీదకి కాస్త దిగి, చెవుల మీదుగా జుట్టు మెత్తగా జారి, చెంపల దగ్గర రెండు ముంగురులు కదులుతూ, పక్కన ఒక మూర మల్లెలతో ఉండే ముడి. చూస్తే ఇప్పుడే చేత్తో చుట్టి వదిలేసినట్టుంటుంది గానీ, పెళ్లిలో పది మంది అక్షింతలు వేసినా, వంగి బంతిలో వడ్డించినా కదలదు. ఫిబ్రవరి చివర మొదలై మే దాకా మల్లెలు దొరికే కాలంలో, ఉగాది, సీతారాముల కల్యాణం, ఆ వెనకే వచ్చే వైశాఖం పెళ్లిళ్లు, నిశ్చితార్థాలు, హల్దీలు అన్నిటికీ ఇదొక్కటి వస్తే చాలు.

ఈ ముడి గురించి నాకు అర్థమైన ముఖ్యమైన సంగతి ఒకటే. వదులుగా ఉండాల్సింది పై పొర మాత్రమే. లోపల ఎక్కడో ఒక చోట జుట్టు గట్టిగా కట్టి ఉండాలి, మిగతాదంతా దానికి వేలాడాలి. మా పెదనాన్న గారి అమ్మాయి నిశ్చితార్థానికి నేనే జడ వేస్తానని ముందుకెళ్లి, వదులుగా కావాలంది కదా అని మొత్తం జుట్టు వదులుగానే మెలిపెట్టి, చుట్టి, పాతిక పిన్నులు గుచ్చాను. ఫోటోల దాకా అద్భుతంగా ఉంది. తాంబూలాలు పుచ్చుకుని, పెద్దవాళ్ల కాళ్లకి దండం పెట్టడానికి వంగింది, ముడి మొత్తం పూలతో సహా భుజం మీదకి జారింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరగడం నేను మరిచిపోలేదు. ఆ సాయంత్రం అమ్మమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "పిన్నులు ముడికి పెట్టావే, తలకి పెట్టలేదు" అంది. అప్పటి నుంచి ఎవరికి వేసినా ముందు ఆ మాటే గుర్తు తెచ్చుకుంటాను.

జుట్టు ముందురోజే సిద్ధం కావాలి

తలంటు పొద్దునే పోసుకోవాలి అని ఇంట్లో పట్టుబడితే పోసుకోండి, పండగ పండగే. కానీ మీ చేతిలో ఉంటే తలస్నానం ముందు రోజు చేయండి. ఒక రాత్రి గడిచిన జుట్టుకి కాస్త పట్టు వస్తుంది, పిన్ను నిలుస్తుంది. తప్పక పొద్దునే పోసుకున్నారనుకోండి, కండిషనర్ కుదుళ్లకి తగలకుండా చివర్లకే రాయండి, జుట్టు పూర్తిగా ఆరనివ్వండి, ఆరాక పాపిడి పక్కనా మెడ దగ్గరా కుదుళ్లలో చిటికెడు టాల్కం పౌడర్ వేళ్లతో రుద్దండి. టెక్స్చర్ పౌడర్ అని అమ్మే సీసా ఉంటే ఇంకా మంచిది గానీ దాని కోసం పరిగెత్తక్కర్లేదు. పౌడర్ తెల్లగా కనపడకుండా బాగా రుద్దాలి, నల్లటి జుట్టు మీద వెంటనే తెలిసిపోతుంది.

తడి జుట్టుని మాత్రం ముడి వేయకండి. లోపల ఆరక వాసన వస్తుంది, తడి జుట్టు లాగితే సాగి తెగుతుంది, పైగా ఆరాక కుంచించుకుని ముడే వదులైపోతుంది. నూనె ఎక్కువ పెట్టిన జుట్టుకి కూడా ఈ ముడి నప్పదు, పాయలు పాయలుగా అతుక్కుపోయి మెత్తదనం రాదు.

మరీ నిటారు జుట్టయితే చివర్లకి కొంచెం వంపు కావాలి. కర్లింగ్ ఐరన్ ఉంటే, సన్న జుట్టుకి 150 డిగ్రీలు, ఒత్తు జుట్టుకి 180 దాటకుండా, వేడి తగలకముందు వేడి నుంచి కాపాడే స్ప్రే కొట్టి, పెద్ద పెద్ద పాయలుగా తిప్పండి. లేదంటే రాత్రి రెండు వదులు జడలు వేసుకుని పడుకోండి. నాకైతే రాత్రి జడల వంపే ఇష్టం, ఐరన్ వంపు అన్నీ ఒకే రకంగా ఉంటాయి, జడ వంపు ఒక్కోటి ఒక్కో రకంగా వస్తుంది, మనకి కావాల్సింది అదే. ఉంగరాల జుట్టున్నవాళ్లు ఈ పేరా వదిలేయండి, మీకు పుట్టుకతోనే పని సగం అయిపోయింది.

సామాన్లు పెద్దగా ఏం లేవు. నల్ల రబ్బరు బ్యాండు ఒకటి, గట్టిది. ఎనిమిది నుంచి పన్నెండు దాకా మామూలు తలపిన్నులు, ఆరేడు యూ పిన్నులు, తోక దువ్వెన, హెయిర్ స్ప్రే. ఎదురుగా అద్దం, వెనక చూసుకోవడానికి ఫోన్ కెమెరా. పిన్నులు కొత్తవి వాడండి, కాళ్లు విచ్చుకుపోయిన పాత పిన్నులు ఎన్ని పెట్టినా దండగ.

అసలు ముడి

పాపిడి మధ్యలో తీయాలా పక్కకి తీయాలా అన్నది పాపిడిబిళ్ల పెట్టుకుంటారా లేదా అన్నదాన్ని బట్టి తేల్చుకోండి. బిళ్ల ఉంటే మధ్యలో, లేకపోతే కాస్త పక్కకి తీస్తే ముఖానికి మెత్తదనం వస్తుంది. దువ్వెన తోకతో గీసినట్టు నిటారుగా తీయకండి, వేలితో తీయండి.

ఇప్పుడు ఒక చెవి పైనుంచి నడినెత్తి మీదుగా రెండో చెవి దాకా ఒక గీత ఊహించుకుని, ముందున్న జుట్టంతా విడదీసి రెండు వైపులా క్లిప్పులు పెట్టేయండి. వెనక మిగిలిన జుట్టే మన పునాది. నడినెత్తి దగ్గర రెండు మూడు పాయలు పైకెత్తి, కుదుళ్ల వైపు దువ్వెనతో రెండు మూడు సార్లు కిందకి నొక్కినట్టు దువ్వండి, అంతకన్నా వద్దు, చిక్కులు పడతాయి. పైన ఒక పొర దాని మీదకి జార్చి చేత్తో సర్దండి. వెనక జుట్టుని మెడ దగ్గరికి తెచ్చి, జుట్టు మొదలయ్యే చోటు నుంచి ఒక అంగుళం పైన, రబ్బరు బ్యాండుతో గట్టిగా కట్టండి. నిజంగా గట్టిగా. ఇక్కడ మొహమాటపడితే సాయంత్రం ఏడవాల్సి వస్తుంది. అమ్మమ్మ చెప్పిన "తల" ఇదే, ఇకపై ప్రతి పిన్నూ ఈ కట్టునో, కట్టు కింద తలకి అంటిన జుట్టునో పట్టుకోవాలి.

తర్వాత తోకని మూడు పాయలు చేయండి. ఒక్కో పాయని తాడులా మెలిపెట్టండి, బిగించి కాదు, వేళ్ల మధ్య పత్తి వత్తి చేసినంత తేలిగ్గా. చివర ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి బొటనవేలు చూపుడువేలు మధ్య మెలిక అంచులని అక్కడక్కడా కొంచెం కొంచెం బయటికి లాగితే పాయ ఉబ్బి రెట్టింపు లావు అవుతుంది. మొదటి పాయని బ్యాండు చుట్టూ చుట్టి, చివర లోపలికి దోపి పిన్ను పెట్టండి. రెండోది మొదటి దాన్ని సగం కప్పేలా, మూడోది మిగిలిన ఖాళీ ఎక్కడుంటే అక్కడికి. మూడూ ఒకే వైపు తిప్పకపోతేనే బాగుంటుంది, ఒకటి అటు, రెండు ఇటు. అన్నీ ఒకే దిక్కుకి తిప్పితే ముడి నత్తగుల్లలా అచ్చు గుండ్రంగా వస్తుంది, అప్పుడది వేరే రకం ముడి.

పిన్ను గురించి ఆగి చెప్తాను, ఎందుకంటే చాలామందికి ఇక్కడే తేడా కొడుతుంది. మామూలు తలపిన్నుకి ఒక కాలు నిటారుగా, ఇంకో కాలు వంకర్లుగా ఉంటుంది కదా, ఆ వంకర్ల కాలు తలవైపు ఉండాలి, జుట్టుని పట్టుకునేది అదే. మనలో చాలామంది అది పైకి, అందంగా కనపడాలని పెడతాం. ముడి అంచున కొద్దిగా జుట్టు పిన్నులోకి తీసుకుని, ముందు పిన్నుని బయటివైపుకి, అంటే ముడికి దూరంగా చూసేలా పట్టుకోండి. అది తలకి తగలగానే వెనక్కి తిప్పి, ముడి మధ్యలోకి, తలని రాసుకుంటూ తోసేయండి. సరిగ్గా పడితే "కట్" మన్నట్టు ఒక బిగువు చేతికి తెలుస్తుంది. తెలియకపోతే తీసి మళ్లీ పెట్టండి, పక్కన ఇంకోటి పెట్టి సర్దుకోకండి. జారే జుట్టయితే పిన్నుల మీద ముందే హెయిర్ స్ప్రే కొట్టి అర నిమిషం ఆరనివ్వండి, గరుకుదనం వచ్చి నిలుస్తాయి. బాగా బరువున్న చోట రెండు పిన్నులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా, కత్తెర గుర్తులా వేస్తే ఇక కదిలే ప్రశ్నే లేదు. యూ పిన్నులు వేరే పనికి, అవి బరువు మోయవు, పైకి లేచిన పాయల్ని కూర్చోబెట్టడానికి, పూలు ఆపడానికి.

ఇప్పుడు ముందు జుట్టు. క్లిప్పులు తీసి, రెండు చెంపల దగ్గర పెన్సిలంత మందం కూడా లేకుండా ఒక్కో ముంగురు వదిలేయండి. చెవి ముందు నుంచి వచ్చేవి తీసుకోండి, నుదుటి మధ్య నుంచి తీస్తే కళ్లలో పడి రోజంతా చిరాకు. మిగిలిన ముందు జుట్టుని కుడివైపుది చెవి పైభాగం సగం కప్పేలా వదులుగా వెనక్కి తెచ్చి, ఒక్క మెలి తిప్పి, ముడి మీదుగా ఎడమ పక్కకి చేర్చి పిన్ను పెట్టండి. ఎడమది అలాగే కుడికి. ఈ రెండూ ముడి పైన కలుసుకుని పునాదిని కప్పేస్తాయి. అంత గట్టిగా కట్టిన రబ్బరు బ్యాండు లోపలుందని ఎవరికీ తెలియదు.

చివరి పని అద్దం ముందు నిలబడి చేయండి. ఒక అరచేయి ముడి మీద ఆనించి పట్టుకుని, రెండో చేతి వేలి కొసలతో నడినెత్తి మీద, చెవుల పైన జుట్టుని చిన్న చిన్నగా, సెంటీమీటరుకి మించకుండా పైకి లాగండి. అరచేయి తీయకూడదు, తీస్తే ముడి కూడా వస్తుంది. రెండు సార్లు లాగి ఒకసారి వెనక్కి జరిగి చూసుకోండి. ఎక్కడ ఆపాలో మీ కంటికే తెలుస్తుంది, తెలిసినచోట ఆపేయండి, చాలామంది ఇంకొంచెం ఇంకొంచెం అని లాగి రేగిపోయేలా చేసుకుంటారు. తర్వాత చేయి చాచినంత దూరం నుంచి స్ప్రే.

పూలు

పూలు స్ప్రే తర్వాతే. స్ప్రే పూల మీద పడితే రేకులు గోధుమరంగుకి తిరుగుతాయి, మల్లెల వాసన పోయి ఘాటు వాసన మిగులుతుంది.

మల్లెలు తెల్లవారుజామున మొగ్గలుగా కోస్తారు, అవి సాయంత్రానికి విచ్చుకుంటాయి. కాబట్టి సాయంత్రం ఫంక్షన్ అయితే మొగ్గల దండే కొనండి, మీరు పెట్టుకున్నాక తలలోనే విచ్చుకుంటాయి, ఆ వాసన మీతోపాటు తిరుగుతుంది. పొద్దున కార్యక్రమం అయితే ముందురోజు కొన్న దండని అరటాకులోనో తడిపి పిండిన పల్చటి గుడ్డలోనో చుట్టి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. నీళ్లు మాత్రం నేరుగా చల్లి మూత పెట్టొద్దు, మగ్గిపోతాయి. మైలవరం వైపు మల్లె తోటల నుంచి బెజవాడకి వచ్చే పూలు చూశారా, మొగ్గ కొస గట్టిగా, కాడ ఆకుపచ్చగా ఉంటాయి, అలాంటివి ఏరుకోండి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి పొద్దునే వెళ్తే పని అయిపోతుంది.

ఎన్ని కావాలి? అరచేయంత ముడి చుట్టూ ఒక్క వరస రావాలంటే 30 సెంటీమీటర్లు చాలు, చేతి మూర 45 దాకా వస్తుంది. అంటే ఒక మూర కొంటే చుట్టూ పోగా కొంచెం మిగులుతుంది. అయితే మెత్తని ముడికి పూర్తిగా చుట్టూ పెట్టడం నాకు నచ్చదు. దండ ముడిని కట్టేసినట్టు ఉంటుంది, అంత కష్టపడి ఉబ్బించిన పాయలన్నీ దాని కింద దాక్కుంటాయి. దండని రెండు పేటలుగా మడిచి, ముడి కింద ఎడమ చెవి వెనక నుంచి మొదలుపెట్టి సగం దాకా అర్ధచంద్రంలా తిప్పి వదిలేయండి. దండ దారాన్నే యూ పిన్నుతో పట్టి ముడి లోపలికి గుచ్చాలి, పూలని గుచ్చితే రాలిపోతాయి. మొదట ఒకటి, చివర ఒకటి, మధ్యలో రెండు. మధ్యలో ఒకచోట మరువం రెమ్మ దోపండి, ఆకుపచ్చ పక్కన తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుంది, వాసనా కలుస్తుంది. పట్టుచీర ఎరుపో ఆకుపచ్చో అయితే మధ్యమధ్య కనకాంబరాలు కట్టించుకోండి. లేత రంగు చీరకి, లెహంగాకి మల్లెలొక్కటే చాలు. సన్నజాజులు మరీ సున్నితం, రెండు మూడు గంటల కార్యక్రమానికే పెట్టుకోండి.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉండి వారాంతంలో ఉగాది చేసుకునేవాళ్లకి, కొన్ని ఇండియన్ స్టోర్లలో ముందే చెప్తే మల్లె దండ తెప్పిస్తారు. లేకపోతే మామూలు పూల కొట్లో దొరికే జిప్సోఫిలా, అంటే బుల్లి బుల్లి తెల్ల పూల రెమ్మలు, తీసుకుని చిన్న చిన్న రెమ్మలుగా తుంచి పాయల సందుల్లో దోపండి. గుడ్డతో చేసిన మల్లెల కన్నా నాకు అదే నయమనిపిస్తుంది.

జుట్టు వేరేలా ఉంటే

సన్న జుట్టున్నవాళ్లు సవరం పెట్టుకోవడానికి వెనకాడకండి, మన అమ్మమ్మలు హాయిగా పెట్టుకున్నారు. బ్యాండు కట్టాక సవరం తాడు దాని చుట్టూ చుట్టి, మీ జుట్టుతో కలిపి మూడు పాయలు చేయండి. సవరం రంగు మీ జుట్టు చివర్ల రంగుతో కలవాలి, కుదుళ్లతో కాదు, ఎందుకంటే ముడిలో పైకి కనిపించేవి చివర్లే.

ఉంగరాల జుట్టుకి దువ్వెనే వద్దు. వేళ్లతో పోగుచేసి కట్టండి, పాయల్ని మెలిపెట్టకుండా మూడుపాయల వదులు జడ అల్లి, దాని అంచులు లాగి, మెడ దగ్గర చుట్టేయండి. జడ ముడి అంటాం కదా, అదే. మామూలు ముడి కన్నా బలంగా నిలుస్తుంది, ఎండలో రోజంతా తిరగాల్సిన రోజు నేను ఎవరికైనా ఇదే వేస్తాను.

భుజాల దాకానే జుట్టుంటే పెద్ద ముడి కోసం పాకులాడొద్దు. రెండు వైపుల జుట్టూ చెవుల దగ్గర నుంచి మెలిపెట్టుకుంటూ వెనక్కి తెచ్చి, మధ్యలో కలిపి, చివర్లు లోపలికి దోపితే మెడ మీద చక్కటి చుట్ట వస్తుంది. పునాదికి లోపల చిన్న బ్యాండు ఇక్కడా తప్పదు.

ఇంట్లో ఉండే సాయంత్రాలకి వేలుముడి చాలు. జుట్టంతా పట్టి, నాలుగు వేళ్ల చుట్టూ తిప్పి, కొసని ఆ చుట్టులోంచే లాగి బిగించడం, అంతే. పిన్నులేదు, బ్యాండు లేదు. అమ్మమ్మ పెరట్లో మల్లెలు కోస్తూ ఒక్క చేత్తో వేసుకునేది, రెండో చేతిలో పూల గిన్నె.

ఎండ, చీర, నగలు

ఏప్రిల్లో కోస్తాలో చెమటని లెక్కలో పెట్టుకోకపోతే ఏ ముడీ నిలవదు. మెడ దగ్గర చిన్న వెంట్రుకలు తడిసి అతుక్కుంటాయి, అవి పైకి దువ్వి స్ప్రే కొట్టాలని చూడకండి, ఇంకా జిగటగా అవుతాయి. మెడ మీద చిటికెడు పౌడర్ అద్ది, వాటిని వాటి మానాన వదిలేయండి, ఈ ముడికి అవి అందమే. చెమట పడితే రుమాలుతో అద్దాలి, తుడవకూడదు.

జాకెట్టు వెనక మెడ కోసి కుందనాలు కుట్టిస్తే ముడిని అరంగుళం పైకి కట్టండి, లేకపోతే ఆ పనితనం కనిపించదు, పైగా రాళ్లకి జుట్టు చిక్కుకుంటుంది. జాకెట్టు వేసుకున్నాకే ముడి వేసుకోండి, తల మీదుగా ఏదీ లాగకూడదు. పెద్ద బుట్టలు పెట్టుకుంటే చెంపస్వరాల కొక్కెం పై పొరకి తగిలించొద్దు, వదులు జుట్టు ఆ బరువుకి కిందకి జారుతుంది. ముందు జుట్టు కప్పకముందే, చెవి వెనక లోపలి జుట్టుకి తగిలించి, దాని మీద పై పొర జార్చండి.

పర్సులో నాలుగు పిన్నులు, ఒక యూ పిన్ను వేసుకోండి. ముడి వేశాక ఇంట్లోనే ఒకసారి దండం పెట్టినట్టు కిందకి వంగి, తల అటూ ఇటూ ఊపి చూడండి. ఏదైనా కదిలినట్టు అనిపిస్తే అప్పుడే ఇంకో పిన్ను, మండపంలో కాదు.

రాత్రి తీసేటప్పుడు నిద్రమత్తులో లాగేయకండి. ముందు పూల దండ, దారం దగ్గర యూ పిన్నులు తీసి. తర్వాత చివర పెట్టిన పిన్ను మొదట, మొదట పెట్టింది చివర. బ్యాండుని లాగకుండా కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించండి, రూపాయి బ్యాండు కోసం నాలుగు వెంట్రుకలు తెంచుకోవడం ఎందుకు. స్ప్రే ఉన్న జుట్టుని పొడిగా దువ్వొద్దు, అరచేతిలో కాస్త కొబ్బరి నూనె వేసుకుని చివర్ల నుంచి మొదలుపెట్టి వేళ్లతో విడదీసుకుంటూ పైకి రండి. పొద్దున పదకొండు పిన్నులు పెట్టుంటే పదకొండూ చేతికొచ్చాయో లేదో లెక్క చూసుకున్నాకే దిండు మీద తల పెట్టండి.